ఏడు గడియల మంత్రం

అష్టాచెమ్మాకు అచ్చేసిన రూల్సు పుస్తకం ఏ ఇంట్లోనూ ఉండదు. అడ్డం ఐదు గళ్ళు, నిలువు ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. అందరికీ ఒకటిగా ఉండేది ఇంతవరకే. ఆ పైన గడప మారితే రూలు మారుతుంది. మా పుట్టింట్లో వరసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే ఆ మూడూ మురిగిపోయేవి. అత్తారింట్లో మురగడం అనే మాటే లేదు, ఎన్ని పడితే అన్నీ నడుపుకోవచ్చు. పెళ్ళయిన కొత్తలో ఈ విషయం మీదే మా ఆడపడుచుకీ నాకూ మొదటి పేచీ వచ్చింది. వంటింటి దగ్గర రాలేదు, అష్టాచెమ్మా దగ్గర వచ్చింది.

మా అమ్మను అడిగితే ఆ మురిగే రూలుకు కారణం ఒక్క ముక్కలో చెప్పింది: “పందెమంతా ఒకళ్ళకే పడుతుంటే మిగతా ముగ్గురూ దేనికి కూర్చోవాలే?” ఆట ఆగిపోకుండా ఉండటానికి అదృష్టానికి కూడా ఒక హద్దు పెట్టుకున్నారన్నమాట.

ఈ మాట ఇప్పుడు గుర్తు రావడానికి మా పిల్లలు ఆడే కొత్త ఆట కారణం. హైదరాబాదులో ఇంజినీరింగు చదివే మా అక్క కొడుకు వేసవి సెలవులకు నరసరావుపేట వస్తూ తెచ్చాడు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఫోనులో ఆడేది కాదు. బల్ల చుట్టూ నలుగురు కూర్చోవాలి. ఒకడు కథ చెబుతుంటాడు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషైపోతారు. “నువ్వు గుహ ముందున్నావు, లోపల ఏదో మూలుగుతోంది, ఏం చేస్తావు?” అని అడుగుతాడు వాడు. వీళ్ళు చెప్పింది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయినా ఆగని ఆట కాబట్టి మొదట్లో నాకు భలే నచ్చింది.

డంజన్ అంటే నేలమాళిగ లాంటిదట. “మనకు నేలమాళిగలెక్కడివి పిన్నీ” అని మావాడు అంటే, “గుత్తికొండ బిలం ఉందిగా” అన్నాను. అంతే, ఆ రోజు నుంచి వాళ్ళ కథ పల్నాటికి వచ్చేసింది. పిడుగురాళ్ళ దాటి గుత్తికొండ, ఎత్తిపోతల, కారెంపూడి నాగులేరు అన్నీ ఆ ఆటలోకి చేరాయి.

వారం తిరిగేసరికి పేచీ మొదలైంది. మా పెద్దోడు మాంత్రికుడు. మా అమ్మాయి కత్తి పట్టిన యోధురాలు. తలుపు తాళం వేసి ఉందంటే వాడో మంత్రం వేస్తాడు. కృష్ణ దాటాలంటే ఎగిరే మంత్రం. అవతల వందమంది దొంగలుంటే నిద్రపుచ్చే మంత్రం. నాలుగో రోజున మా అమ్మాయి పాచిక బల్లమీద పెట్టేసి, “అన్నీ అన్నే చేసేస్తుంటే ఈ ఆటలో నేనెందుకమ్మా?” అంది. అమ్మ చెప్పిన అష్టాచెమ్మా మాటే మళ్ళీ విన్నట్టుంది నాకు.

ఈ గొడవ మా ఇంట్లో పుట్టింది కాదని మా అక్క కొడుకు చెప్పాడు. ఆట ఎంత పాతదో ఈ పేచీ కూడా అంత పాతదేనట. వాడు చెప్పినవీ, ఆ తర్వాత నేను చదువుకున్నవీ కలిపి కొంచెం చెబుతాను, ఓపిక పట్టండి. కథలంటే ఇష్టమున్నవాళ్ళకు పనికొచ్చే సంగతులే.

ఈ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు 1974లో తెచ్చారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. దానికి ముందు వీళ్ళంతా సీసపు బొమ్మలతో బల్లమీద యుద్ధాలు ఆడుకునేవాళ్ళు. 1971లో చైన్‌మెయిల్ అని అలాంటి ఒక యుద్ధపు ఆటకు రూల్సు పుస్తకం వేసి, దాని చివర మాంత్రికులూ డ్రాగన్లూ ఉండే భాగం ఒకటి తగిలించారు. యుద్ధంలో సైనికుడి పక్కన మాంత్రికుణ్ణి నిలబెట్టారంటే సమస్య వచ్చి కూర్చున్నట్టే. కత్తివాడు ఒక్కొక్కణ్ణి కొట్టాలి, మంత్రంవాడు గుంపును ఒక్కసారే లేపేస్తాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఆడాలంటే ఎట్లా?

దానికి గైగాక్స్ జాక్ వాన్స్ అనే రచయిత దగ్గర ఉపాయం తీసుకున్నాడు. ఆయన 1950లో ‘ది డయింగ్ ఎర్త్’ అని ఒక పుస్తకం రాశాడు. అందులో మంత్రం ఒకసారి వాడితే బుర్రలోంచి చెరిగిపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ గ్రంథం తీసి బట్టీ పట్టాలి. అదీ ఎన్నో పట్టవు. ఎంత సాధన చేసినవాడికైనా పెద్ద మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు, అంతకు మించి బుర్రలో నిలవవు. గైగాక్స్ ఇది పట్టుకుని, మొదటి మెట్టు మీదున్న మాంత్రికుడికి రోజుకు ఒక్కటంటే ఒక్క మంత్రం ఇచ్చాడు. మంత్రాలను ఇలా ఎందుకు కట్టడి చేశాడో 1976లో ఒక వ్యాసం రాసి మరీ వివరించాడు. అంటే ఆట పుట్టిన రెండేళ్ళకే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందన్నమాట!

ఇదంతా వింటుంటే నాకు నవ్వొచ్చింది. వాడి మంత్రం బుర్రలోంచి చెరిగిపోతుందంటే మన కర్ణుడు గుర్తు రాడా? బ్రాహ్మణుణ్ణని అబద్ధమాడి పరశురాముడి దగ్గర అస్త్రవిద్య నేర్చుకున్నాడు. అవసరమైన వేళకు ఆ మంత్రం మరిచిపోతావని శాపం పెట్టాడు గురువు. అంతటి వీరుడికి రథచక్రం నేలలో కూరుకుపోయినప్పుడు నాలుకకు మంత్రం రాలేదు. అశ్వత్థామ సంగతి ఇంకో తరహా. అస్త్రం వేయడం వచ్చుగానీ వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. అర్జునుడికి రెండూ వచ్చు. మా పెద్దోడితో ఈ తేడా చెబితే వాడు కాసేపు ఆలోచించి, “అయితే వేసిన మంత్రం ఆపడానికి కూడా పాచిక వేయాలంటావా?” అన్నాడు. ఆ రూలు వాళ్ళ నోటుబుక్కులో ఎక్కింది.

మన కథలన్నీ ఇట్లాగే ఉంటాయి, గమనించండి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు మనుషుల్ని రాళ్ళు చేస్తాడు, బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు. వాడికి అడ్డేముంది అనుకుంటాం. కానీ వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ చిలక లేకపోతే బాలనాగమ్మ కొడుక్కు చేయాల్సిన పనే లేదు, కథే లేదు. విక్రమార్కుడి కథలో బేతాళుడు అడిగినదానికి జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు తెరిస్తే శవం చెట్టెక్కుతుంది. ‘పాతాళభైరవి’లో బొమ్మ ఏదడిగితే అది ఇస్తుంది, నిజమే. కానీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటుంది. మంచివాడా చెడ్డవాడా అని అడగదు. చేయి మారగానే తోటరాముడి మేడ పోయింది, రాకుమారి పోయింది. ఆరుబయట మంచాలమీద పిల్లలకు కథ చెప్పిన ప్రతి అమ్మమ్మకూ ఈ కిటుకు తెలుసు. మాయకు ఒక చిల్లు పెట్టకపోతే పిల్లలు నిద్రపోతారు, కథ కోసం మేలుకుని ఉండరు.

ఇక మన పల్నాటి కథ దగ్గరికొస్తాను. అసలు పిల్లలు నన్ను ఈ ఆటలోకి లాగింది దాని కోసమే.

మీలో చాలామందికి తెలిసిందే అయినా దూరపు ఊళ్ళవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. గురజాల నేలిన అలుగురాజుకు ముగ్గురు భార్యలు. పెద్దామె కొడుకు నలగామరాజు. రెండో ఆమె కొడుకు మలిదేవుడు, అతని తమ్ముళ్ళు. నలగాముడి పక్షాన నాయకురాలు నాగమ్మ మంత్రి, మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రి. రాజ్యం చీలి మలిదేవులు మాచర్లకు వెళ్ళారు. ఆపైన రెండు పక్షాలూ కోడిపందెం వేసుకున్నాయి. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలి. బ్రహ్మనాయుడి కోడి ఓడింది. మాచర్లవాళ్ళు పిల్లాజెల్లాతో వెళ్ళిపోయారు. గడువు తీరాక రాజ్యభాగం అడిగితే రాలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాచమల్లు ప్రాణంతో తిరిగి రాలేదు. కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బాలచంద్రుడు అందులోనే పోయాడు. ఇదంతా 1180 ప్రాంతపు మాట అంటారు చరిత్రకారులు.

మా పెద్దోడికి వచ్చిన అనుమానం ఇదీ: “అమ్మా, బ్రహ్మనాయుడు విష్ణుమూర్తి అంశ అంటారుగా. దేవుడై ఉండి ఒక కోడిపందెం గెలవలేడా? పోనీ ఓడిపోతే పోయాడు, ఆ ఏడేళ్ళు ఎందుకు పోవడం? చక్రం వేస్తే సరిపోయేదిగా?”

చూడ్డానికి చిన్నపిల్లాడి ప్రశ్న. కానీ బి.ఏ. తెలుగులో మూడేళ్ళు చదివినా నేను ఎవర్నీ అడగని ప్రశ్న. పరీక్షల్లో శ్రీనాథుడు ద్విపదలో ‘పల్నాటి వీరచరిత్ర’ రాశాడని, 15వ శతాబ్దమని, సంస్కృతం అంత దిట్టంగా వచ్చిన కవి జనం పాడుకునే ఛందస్సులోకి దిగాడని రాసి మార్కులు తెచ్చుకున్నాం. మనకు దక్కిన ఆ ద్విపదలో ఎక్కువ భాగం బాలచంద్రుడి యుద్ధమే. మిగతా కథంతా పల్నాటిలో నోటి మీద బతికింది. కారెంపూడి వీరుల పూజల్లో దాన్ని పాడేవాళ్ళను వీరవిద్యావంతులంటారు. వాళ్ళలో ఒకరైన ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు ఇంగ్లీషులోకి మార్చితే 1982లో ఆక్స్‌ఫర్డువాళ్ళు అచ్చేశారు. మన ఊరి పాట అంత దూరం వెళ్ళింది.

ఆ నోటి కథలో బ్రహ్మనాయుడు దేవుడే. అయినా యుద్ధం అంతా మనుషుల చేతుల్లోనే నడుస్తుంది. మాల కన్నమదాసు కత్తి పడతాడు. బాలచంద్రుడు తల్లి ఐతమ్మ ఆపుతున్నా వెళ్తాడు. మాంచాల కట్టుకున్నవాడిని తానే సాగనంపుతుంది. నాయుడు మహిమ చూపి వీళ్ళందరినీ కాపాడేస్తే కన్నమదాసుకు పనేముంది? మాంచాలకు ఏడుపేముంది? బ్రహ్మనాయుడు పందేనికి ఒప్పుకున్నాడు, మాట ఇచ్చాడు, మాటకు కట్టుబడి ఏడేళ్ళు వెళ్ళాడు. కథ ఆయనకు పెట్టిన రూలు అది. భారతంలో కృష్ణుడికీ ఇదే రూలు, ఆయుధం పట్టననే ఒప్పందం మీదే వచ్చాడు. రాముడికీ అంతే, మనిషిగా ఉండే పని ముగించాలి. దేవుడికి కూడా ఇంటి రూల్సు పెట్టి ఆడించిన జాతి మనది.

మావాడికి ఈ జవాబు నచ్చింది. అప్పుడు మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది, అది నన్ను ఇంకా వదల్లేదు. “మరి నాగమ్మ మంత్రాలతో గెలిచిందంటారు గదమ్మా. ఆమెకు రూలు ఎవరు పెట్టారు?”

నిజమే. కోడిపందెం కథ ఎవరింట్లో ఎట్లా చెబుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. మా అమ్మమ్మ చెప్పిన కథలో నాగమ్మ మంత్రించిన విభూతి చల్లింది. మా అత్తగారి కథలో విభూతి లేదు, కత్తి కట్టేదగ్గర మోసం ఉంది. పక్కింటి పెద్దమ్మ కథలో నాగమ్మ తన కోడికి ఏదో పసరు తినిపించింది. ఎవరి కథలోనూ నాగమ్మకు కోళ్ళ గురించి బ్రహ్మనాయుడికంటే ఎక్కువ తెలుసు అన్న మాట లేదు. తెలియకూడదా? కోడిపందేలకు కుక్కుట శాస్త్రమని ఒకటుంది. కాకి, డేగ, నెమలి, పర్ల, సేతువ అని ఈకల రంగును బట్టి కోళ్ళకు పేర్లు. ఏ వారం, ఏ తిథి, ఏ వేళలో ఏ రంగు కోడి ఏ రంగు మీద నెగ్గుతుందో అందులో లెక్కలున్నాయి. ఆ లెక్క నిజమా కాదా అన్నది వేరే సంగతి. ఆ రోజుల్లో పందెం వేసేవాడు అది చూసుకోకుండా బరిలోకి దిగడు. రాజ్యం ఏలే ఆమె అది చూసుకుని, మంచి కోడిని ఎంచుకుని, తన వేళ వచ్చేవరకు ఆగి ఉంటే? అదే పని మగమంత్రి చేస్తే యుక్తి అంటాం.

నేను తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి. మంత్రం అన్న మాటకు ఆలోచన, రహస్యంగా చెప్పే సలహా అని కూడా అర్థం. మంత్రాంగం, మంత్రాలోచన అంటాం చూడండి, అదే. ఆలోచన చెప్పేవాడు మంత్రి. అదే మాట నుంచి మాంత్రికుడు వచ్చాడు. పురుడు పోసే పెద్దామెను మంత్రసాని అన్నాం, ఆమె దగ్గరున్నది మాయా మర్మం కాదు, పది కాన్పులు చూసిన తెలివి. నాగమ్మ మంత్రి. జనం నోట్లో పడి మాంత్రికురాలైంది. బ్రహ్మనాయుడు చేస్తే మహిమ అయిన పని ఆమె చేస్తే క్షుద్రం అయింది. ఆమె శైవురాలు, ఆయన చెన్నకేశవుడి భక్తుడు. ఆయన అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించినవాడు. యుద్ధంలో ఈ తేడాలు కూడా కలిసే ఉన్నాయని చరిత్ర చదివినవాళ్ళు అంటారు. పాటలు మిగిలింది ఎక్కువగా ఆయన పక్షాన పోయిన వీరుల కోసం. ఆయన చేసిన మంచిని నేను తక్కువ చేయడం లేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట చాపకూడు పెట్టడం మాటలా? కానీ నాగమ్మను ఒక మంత్రిగా చూసి బేరీజు వేసే ఓపిక మనకు లేకపోయింది.

సినిమావాళ్ళు కొంచెం నయం. 1947 ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, 1966 దాంట్లో భానుమతి నాగమ్మ వేశారు. రెండోదాంట్లో బ్రహ్మనాయుడు ఎన్టీ రామారావే అయినా, భానుమతి తెరమీద నిలబడితే నాగమ్మ వెనకాల విభూతి అవసరమే లేదనిపిస్తుంది నాకు. ఆమె చూపు చాలు.

నాగమ్మ పదవికి ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి ఉంది. మా పిల్లలు నోరెళ్ళబెట్టి విన్నది అదే. నలగామరాజు వేటకని ఎండలో వచ్చి జిట్టగామాలపాడు దగ్గర అలసిపోతాడు. ఊరి మోతుబరి ఇంటి ఆడపడుచు నాగమ్మ పందిళ్ళు వేయించి, రాజుతోపాటు పరివారానికంతా నీళ్ళు, భోజనాలు చూస్తుంది. రాజు సంతోషించి ఏం కావాలో కోరుకోమంటాడు. ఆమె బంగారం అడగలేదు, మాన్యం అడగలేదు. ఏడు గడియలు మంత్రి పదవి ఇమ్మంది. గడియ అంటే 24 నిమిషాలు. ఏడు గడియలంటే మూడు గంటలు కూడా నిండవు. రాజు నవ్వి ఒప్పుకుని ఉంటాడు. ఆమె ఆ మాటను రాతలో తీసుకుని దాచుకుంది, వెంటనే వాడలేదు. అదును చూసుకుని గురజాల వెళ్ళి ఆ రాత చూపించింది. ఏడు గడియలని అడుగుపెట్టినామె మరి ఆ గద్దె దగ్గరనుంచి కదల్లేదు.

“ఒక్క మంత్రం, ఒక్కసారి!” అన్నాడు మా అక్క కొడుకు. “గైగాక్స్ మాంత్రికుడి లెక్కే ఇది పిన్నీ. ఎప్పుడు వాడాలో తెలియడమే ఆట.”

ఆ సాయంత్రమే కూర్చుని రూల్సు రాసుకున్నారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నవి కొన్ని, మనవి కొన్ని. 2014లో వచ్చిన ఈ ఆట అయిదో కూర్పులో చిన్న మంత్రాలు ఎన్నిసార్లైనా వేసుకోవచ్చట. మావాళ్ళు వాటికి కూడా రోజుకు ఇన్నని లెక్క పెట్టారు. అందులో రాత్రి ఎనిమిది గంటలు పడుకుంటే వాడేసిన మంత్రాలు తిరిగొస్తాయి. కావాలంటే ఆ ఎనిమిది గంటలను ఏడు రోజులు చేసుకోవచ్చని పుస్తకంలోనే ఒక వీలు ఇచ్చారు. మావాళ్ళు ఏడు రోజులే ఖాయం చేశారు. ఏడేళ్ళు, ఏడు గడియలు విన్నాక ఇంకో అంకె ఎక్కడిది? మంత్రానికి కావాల్సిన సామాన్లు సంచిలో ఉన్నాయో లేదో చిట్టా రాయాలన్న రూలు మాత్రం నా సలహా. ఇంట్లో సరుకులు నిండుకున్నాక తెలుసుకునేవాళ్ళకు ఇదైనా అలవాటవుతుందని నా ఆశ.

ఇంకో రూలు దగ్గర మా వారు కూడా వచ్చి కూర్చున్నారు. 1991లో డార్క్ సన్ అని ఇదే ఆటకు ఒక లోకాన్ని కల్పించారట. అక్కడ మంత్రం వేస్తే దాని బలం చుట్టూ ఉన్న చెట్టూచేమా నుంచి వస్తుంది. మంత్రం పెద్దదైన కొద్దీ నేల బూడిదవుతుంది. అట్లా వేసీ వేసీ ఆ లోకమంతా ఎడారైపోయింది. ఇది వినగానే మా వారు, “మంత్రానికి ఎకరం మిరపతోట పోతుందని పెట్టండిరా, అప్పుడు తెలుస్తుంది” అన్నారు. సాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలేదాకా ఈ నేల ఎట్లా ఉండేదో ఆయన వాళ్ళ నాన్న నోట విన్న మనిషి. పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు. ఆ మర్నాడు మా పెద్దోడు నిప్పులవాన మంత్రం వేయబోయి, దుర్గి దగ్గర ఎవరి తోట పోతుందో అడిగి ఆగిపోయాడు. మా అమ్మాయి కత్తి తీసింది.

చచ్చినవాళ్ళను బతికించే మంత్రం మీద మాత్రం పెద్ద వాదన జరిగింది. ఆ ఆటలో అలాంటి మంత్రాలున్నాయి. వాళ్ళ పిన్నత్త కొడుకు ఆడే మనిషి గుత్తికొండ బిలంలో చచ్చిపోయాడు, వాడికి పదకొండేళ్ళు, ఏడుపు ముఖం పెట్టాడు. బతికించేద్దామన్నారు పెద్దవాళ్ళిద్దరూ. మా అమ్మాయి ఒప్పుకోలేదు. “తాతయ్య రాలేదుగా” అంది. మా మామగారు పోయింది మొన్న సంక్రాంతి వెళ్ళాక. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మా అక్క కొడుకు మెల్లగా, “కారెంపూడిలో చేసినట్టు చేద్దాం” అన్నాడు. చచ్చిన వీరుడి పేరు నోటుబుక్కులో ఒక పేజీ మీద రాయాలి. ప్రతిసారీ ఆట మొదలుపెట్టేముందు ఆ పేరు చదవాలి. కార్తీక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని కారెంపూడిలో జరిగేదీ అదేగా. పోయినవాళ్ళను ఎవరూ తిరిగి తేలేదు, పేరు మాత్రం పోనివ్వలేదు. ఆ పిల్లాడు కూడా ఊరుకున్నాడు. ఇప్పుడు తన పాత మనిషి పేరు తనే చదువుతాడు.

చివరి రూలు నేను అడిగి రాయించాను. మంత్రాల లెక్క రెండు పక్షాలకూ ఒకటే ఉండాలి. కథ నడిపేవాడు చెడ్డ మంత్రగత్తెను తెచ్చాడంటే ఆమెకూ ఏడు రోజుల లెక్క వర్తించాలి, ఆమె మంత్రానికీ మిరపతోట ఎండాలి. ఆమె గెలిస్తే ఎలా గెలిచిందో ఆట ముగిశాక పాచికల లెక్కతో సహా చూపించాలి. “మాయ చేసింది” అని సరిపెట్టడానికి లేదు. మా అక్క కొడుకు నసిగాడు, కథ చెప్పేవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి పిన్నీ అన్నాడు. బ్రహ్మనాయుడి పాట పాడినవాళ్ళు కూడా అదే అనుకుని ఉంటారన్నాను.

ఇప్పుడు వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి ఆడుతున్నారు. మా అమ్మాయి ఈసారి యోధురాలు కాదు. ఆమె సంచిలో కత్తి లేదు, ఒక్క మంత్రమూ లేదు. నోటుబుక్కులో నుంచి చింపి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. దానిమీద ఏడు గడియలు అని రాసి, కథ చెప్పేవాడి చేత సంతకం పెట్టించుకుంది. దసరా సెలవులు కూడా అయిపోయాయి. ఇంకా వాడలేదు.